ఎవరి బాకీ ముందు?

2022 జనవరి 18న శ్రీలంక 50 కోట్ల డాలర్ల బాండు అప్పును అణా పైసలతో సహా తీర్చేసింది. గడువు దాటనివ్వలేదు, వాయిదా అడగలేదు. స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి విదేశీ అప్పు ఎగ్గొట్టని దేశమన్న పేరు లంకకు ఉండేది. ఆ పేరు నిలబెట్టామని కేంద్ర బ్యాంకు గవర్నర్ అజిత్ నివార్డ్ కబ్రాల్ ప్రకటించారు. అప్పటికే కొలంబోలో జనం తెల్లవారుజామున లేచి ఖాళీ గ్యాస్ బండలను దుకాణాల ముందు వరుసగా పేర్చి, పక్కనే కూర్చుంటున్నారు. పాలపొడి ప్యాకెట్టు దొరికితే ఆ ఇంట పండగ. డాలర్లు కట్టి విడిపించేవాళ్లు లేక, తిండి సరుకుల కంటైనర్లు రేవులోనే వందల కొద్దీ నిలిచిపోయాయి. ఆ అప్పు ఇప్పుడు కట్టవద్దు, అప్పులిచ్చినవాళ్లను పిలిచి మాట్లాడండి, ఉన్న కాసిని డాలర్లు మందులకూ బియ్యానికీ అట్టిపెట్టండి అని ఆ దేశపు ఆర్థికవేత్తలే బతిమాలారు. ఏలినవాళ్లు వినలేదు.

ఆ పతనం గురించి రాసేవాళ్లు సాధారణంగా జూలై 9 నుంచి మొదలుపెడతారు. అధ్యక్ష భవనం గోడలు దూకిన జనం, ఈతకొలనులో మునకలేస్తున్న కుర్రాళ్లు, ఆ బొమ్మలు లోకమంతా చూసింది. నా మటుకు నాకు దుఃఖం కలిగించే రోజు జనవరి 18. ఆ రోజు లంక మెడ మీద రెండు బాకీలున్నాయి. ఒకటి న్యూయార్క్, లండన్ బాండ్ల బజారుకు. రెండోది సొంత జనానికి. జ్వరంతో మూలుగుతున్న బిడ్డను మంచం మీద వదిలేసి, ఇంట్లో ఉన్న ఆఖరి రూపాయి వడ్డీవ్యాపారికి కట్టి వచ్చి, పరువు దక్కిందని చెప్పుకున్న తండ్రిలా ఆ ప్రభుత్వం మొదటి బాకీని ఎంచుకుంది. నాలుగు నెలలు తిరక్కుండానే రెండూ తీర్చలేని స్థితికి వచ్చింది.

రెండో బాకీ ముందు పుట్టింది. లంక స్వతంత్ర దేశం కాకమునుపే పుట్టింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇంటింటికీ రేషను బియ్యం ఇవ్వడం మొదలైంది. 1945లో విద్యామంత్రి కన్నంగర పట్టుదలతో బడి నుంచి విశ్వవిద్యాలయం దాకా చదువు ఉచితమైంది. ఊరూరా ఉచిత వైద్యం వచ్చింది. 1948 ఫిబ్రవరి 4న స్వతంత్ర జెండా ఎగిరేనాటికి ఆసియాలో తలసరి ఆదాయంలోనూ అక్షరాస్యతలోనూ ముందు వరసలో ఉన్న దేశం అది. సింగపూర్‌ను కట్టిన లీ క్వాన్ యూ తన జ్ఞాపకాల్లో ఆనాటి సిలోన్‌ను కామన్వెల్త్ దేశాల్లో ఆదర్శంగా ఎంచిన సంగతి రాసుకున్నారు. వానాకాలంలో వాగు దాటి ఇంటికి వచ్చే మంత్రసాని, బడిలో ఉచితంగా చెప్పే చదువు, రేషను దుకాణంలో కొలిచి పోసే బియ్యం: సామాన్యుడికి రాజ్యమంటే ఇవే. ఆ మాట తప్పినప్పుడు అతను ఊరుకోలేదు కూడా. 1953లో ఆర్థికమంత్రి జె.ఆర్. జయవర్ధనే రేషను బియ్యం ధరను 25 సెంట్ల నుంచి 70 సెంట్లకు పెంచారు. ఆగస్టు 12న దేశమంతా హర్తాళ్. పట్టాలు పీకేశారు, బస్సులు ఆపేశారు, పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. మంత్రివర్గం నేల మీద కూర్చోలేక, కొలంబో రేవులో లంగరు వేసి ఉన్న న్యూఫౌండ్‌లాండ్ అనే బ్రిటిష్ యుద్ధనౌక ఎక్కి సమావేశమైంది. ప్రధాని డడ్లీ సేనానాయకే రాజీనామా చేశారు. రేషను బియ్యానికి ఎన్ని సెంట్లు అన్న లెక్క ప్రభుత్వాలను కూలుస్తుందని లంక పాలకులకు ఆనాడే తెలుసు. డెబ్బై ఏళ్ల తర్వాత మళ్లీ తెలియాల్సి రావడమే విషాదం.

ఆ వాగ్దానం అందరికీ ఇచ్చింది కాదని కూడా ఇక్కడే చెప్పాలి. 1948 పౌరసత్వ చట్టం తేయాకు తోటల్లో చెమటోడ్చిన లక్షలాది భారతీయ మూలాల కూలీలను ఏ దేశానికీ చెందనివాళ్లను చేసింది. లంక ప్రధాని సిరిమావో, భారత ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి 1964లో కూర్చుని 5,25,000 మందిని భారతదేశానికి పంపాలని రాసుకున్నారు. అలా వచ్చినవాళ్లు ఎక్కువగా తమిళనాడులో దిగారు, కొన్ని కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్‌లోనూ పునరావాసం కల్పించారు. ఎవరి చేతుల మీదుగా దేశానికి డాలర్లు వచ్చాయో వాళ్లనే దేశం కాదంది. ఉచిత చదువుకూ ఉచిత వైద్యానికీ డబ్బు ఆ తేయాకు బుట్టల్లో నుంచే వచ్చేది.

తేయాకు, రబ్బరు, కొబ్బరి. మూడింటి ధరలు పడిపోతే ఖజానా పడిపోయేది. 1965లో మొదటిసారి అంతర్జాతీయ ద్రవ్యనిధి గడప తొక్కిన లంక ఆ తర్వాత మళ్లీ మళ్లీ తొక్కింది. 2022 ముందు వరకు మొత్తం 16 ఒప్పందాలు. ప్రతిసారీ గండం గట్టెక్కగానే, ఆదాయం పెంచుకునే కష్టమైన పని మరో ప్రభుత్వానికి వదిలేసేవారు. 1977లో తలుపులు బార్లా తెరిచారు. అందరికీ రేషను బియ్యం పోయి పేదలకు ఆహార స్టాంపులు వచ్చాయి. బట్టల కర్మాగారాలు వచ్చాయి. పల్లెటూరి ఆడపిల్లలు కటునాయక వచ్చి కుట్టుమిషన్ల ముందు కూర్చున్నారు, తల్లులు బిడ్డల్ని అమ్మమ్మలకు అప్పగించి గల్ఫ్ ఇళ్లలో పనికి వెళ్లారు. 1983 జూలైలో కొలంబో వీధుల్లో తమిళుల ఇళ్లూ దుకాణాలూ తగలబడ్డాయి. ఆ మంట అంతర్యుద్ధమై 2009 మే దాకా ఆరలేదు. 80 వేల నుంచి లక్ష మంది దాకా చనిపోయారని అంచనా. ఆ యుద్ధం గురించి రెండు వాక్యాల్లో దాటిపోవడం అన్యాయమే. కాని ఈ గాథలో దానికున్న పాత్ర వేరు: యుద్ధం గెలిచిన అన్నదమ్ములకు అది ఎవరూ ప్రశ్నించలేని అధికారం కట్టబెట్టింది.

మహింద రాజపక్స అధ్యక్షుడు. తమ్ముడు గొటబాయ రక్షణశాఖ కార్యదర్శి. గెలిచిన రాజులకు కట్టడాల మీద మోజు ఎక్కువ. సొంత జిల్లా హంబన్‌టోటలో రేవు కట్టారు. ఆ పక్కనే మత్తళలో 2013లో అంతర్జాతీయ విమానాశ్రయం తెరిచారు. విమానాలు రాలేదు. ఖాళీగా ఉన్న దాని సరుకు గిడ్డంగుల్లో ఒక దశలో వడ్లు నిల్వ చేశారు. రేవు అప్పు బరువెక్కి, 2017లో దాన్ని చైనా సంస్థకు 99 ఏళ్ల లీజుకు ఇచ్చి 112 కోట్ల డాలర్లు తీసుకున్నారు. మన పత్రికల్లో లంక పతనమంటే చైనా ఉచ్చు అని రాసేయడం అలవాటైపోయింది. ఆ మాట పూర్తి కథను చెప్పదు. పతనం నాటికి చైనాకు చెల్లించాల్సింది మొత్తం విదేశీ అప్పులో ఐదో వంతుకు అటూఇటూ. మూడో వంతుకు పైగా బాండ్ల రూపంలో ఉండేది. అసలు ఉరి అక్కడుంది.

2007లో లంక మొదటిసారి అంతర్జాతీయ బజారులో 50 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మింది. అంతకుముందు ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు, జపాన్ తక్కువ వడ్డీకి, ముప్పై నలభై ఏళ్ల గడువుకు అప్పులిచ్చేవి. మధ్యాదాయ దేశంగా ఎదిగాక ఆ చౌక అప్పులు తగ్గాయి. బాండ్ల అప్పుకు వడ్డీ ఎక్కువ, గడువు ఐదో పదో ఏళ్లు. ఇలా కట్టండి, ఇలా ఖర్చు చేయండి అని షరతులు పెట్టేవాడుండడు, అందుకే పాలకులకు అది తియ్యగా ఉంటుంది. గడువు రాగానే మాత్రం అసలు మొత్తం ఒకేసారి కక్కాలి. కక్కడానికి కొత్త బాండు అమ్మాలి. కొత్త బాండు కొనేవాడు ఉన్నంతకాలం ఆట సాగుతుంది. 2010ల్లో లంక చేసినదల్లా అదే, రాజపక్సలు దిగిపోయి వేరేవాళ్లు వచ్చిన 2015 తర్వాత కూడా అదే.

2019 ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం. చర్చిల్లో, హోటళ్లలో బాంబులు పేలి 260 మందికి పైగా చనిపోయారు. అంతకుముందు ఏడాది 23 లక్షల మంది పర్యాటకులను చూసిన తీరాలు బోసిపోయాయి. భయపడిన దేశం యుద్ధవీరుడిని కోరుకుంది. ఆ నవంబరులో గొటబాయ అధ్యక్షుడయ్యాడు, అన్న మహింద ప్రధాని. పట్టుమని నెల గడవకముందే పన్నులకు కోత పెట్టారు. వ్యాట్ 15 శాతం నుంచి 8 శాతానికి దిగింది. జీతాల్లో నుంచి పట్టే పన్ను తీసేశారు. జాతి నిర్మాణ పన్ను అని ఒకటుండేది, అదీ పోయింది. 2019లో జీడీపీలో 11.6 శాతం ఉన్న పన్నుల ఆదాయం మరుసటి ఏడాది 8 శాతం దగ్గరికి జారిపోయింది. లోకంలో ఇంత తక్కువ పన్ను వసూలు చేసే దేశాలు వేళ్ల మీద లెక్కించదగ్గవి. ఈ కానుక ఎవరికి అందిందో చూడండి: ఉద్యోగస్తులకు, కంపెనీలకు, కార్లు కొనేవాళ్లకు. దాని ఖరీదు ఎవరు చెల్లించారో చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

తర్వాత కరోనా వచ్చింది. విమానాలు ఆగిపోయాయి. రేటింగు సంస్థలు లంకకు వరసగా మార్కులు కోశాయి, 2020లోనే బాండ్ల బజారు తలుపు మూసింది. అప్పుడే ద్రవ్యనిధి దగ్గరికి వెళ్లి, అప్పుల గడువులు మార్పించుకుని ఉంటే జనం ఇంత నలిగేవారు కారు. వెళ్లం అన్నారు. మన దారి మనదే అన్నారు. ఖర్చుకు కేంద్ర బ్యాంకు నోట్లు అచ్చువేసింది. డాలర్లు మిగలాలని దిగుమతులు ఆపేశారు. కార్లు ఆపితే ఆగాయి, చివరికి పసుపు కూడా ఆపారు. కూరలో వేసుకునే చిటికెడు పసుపు బంగారమై, రామేశ్వరం వైపు నుంచి రాత్రివేళ పడవల్లో దొంగతనంగా పసుపు మూటలు దాటాయి. ఒక దేశపు వంటింట్లో పసుపు లేకుండా పోయినప్పుడే మంత్రులకు గుబులు పుట్టాలి.

డాలరు విలువను బలవంతంగా 200 రూపాయల దగ్గర కట్టేశారు. బయట బజారులో అంతకంటే చాలా ఎక్కువ పలుకుతోంది. గల్ఫ్‌లో ఇల్లు ఊడ్చి గిన్నెలు తోమి సంపాదించిన డబ్బును బ్యాంకు ద్వారా పంపి నష్టపోయేంత అమాయకురాలు ఏ తల్లీ కాదు. ఆ డబ్బు హవాలా దారి పట్టింది. 2020లో 710 కోట్ల డాలర్లున్న ప్రవాసుల పంపకాలు 2021లో 550 కోట్లకు పడిపోయాయి. పాలకులు మారకం రేటు పరువు కాపాడదామనుకుని, దేశంలోకి వచ్చే డాలరునే తరిమేశారు.

ఇక ఎరువులు. దీని దగ్గర కాసేపు ఆగాలి. తెలుగు రైతు కుటుంబంలో పుట్టినవాడికి ఇది గుండెకు తగిలే భాగం. ఎన్నికల ప్రణాళికలో గొటబాయ పదేళ్లలో సేంద్రియ సేద్యానికి మారతామన్నాడు. పదేళ్ల పనిని 2021 మే నెలలో ఒక్క గెజిట్ కాగితంతో చేశాడు: రసాయన ఎరువులు, పురుగుమందుల దిగుమతి బంద్. నేల ఆరోగ్యం, కిడ్నీ జబ్బులు అని చెప్పిన కారణాల్లో నిజం లేకపోలేదు. ఏడాదికి 40 కోట్ల డాలర్ల ఎరువుల బిల్లు మిగులుతుందన్న లెక్క వాటి వెనక ఉంది. 20 లక్షల మంది రైతులు. వాళ్లకు సరిపడా కంపోస్టు దేశంలో లేదు, తయారుచేసే ఏర్పాటూ లేదు. చైనా నుంచి తెప్పించిన సేంద్రియ ఎరువులో హానికర సూక్ష్మజీవులున్నాయని ఓడను తిప్పి పంపారు. తిప్పి పంపినా ఆ కంపెనీకి 70 లక్షల డాలర్ల దాకా చెల్లించక తప్పలేదు.

అనురాధపురం, పొలన్నరువ. మన కాకతీయులకు చెరువులెలాగో అక్కడి రాజులకు అలాగే. వాన నీటి బొట్టు ఒక్కటీ ఊరికే సముద్రంలో కలవకూడదన్న పరాక్రమబాహు ఏలిన నేల. ఆ చెరువుల కింద మహా, యాల అని రెండు పంటలు. అక్టోబరులో మహా పంటకు దుక్కి దున్నే వేళ రైతులు యూరియా కోసం రోడ్డెక్కారు, మంత్రుల దిష్టిబొమ్మలు తగలబెట్టారు. కొందరు మడులు బీడు పెట్టేశారు. అనురాధపురం జిల్లాలో తంబుత్తేగమ దగ్గర కుడాగమ అనే ఊరుంది. పాములాడించీ కోతులాడించీ చెయ్యి చూసి జాతకం చెప్పీ బతికిన అహికుంటక సంచారులు అక్కడ స్థిరపడ్డారు. వాళ్ల ఇళ్లలో మాట్లాడేది ఇప్పటికీ తెలుగే. లంక కష్టాన్ని పరాయి దేశం కష్టమని చదివే మనం ఈ సంగతి తెలుసుకోవడం మంచిది. అక్కడ కూడా అన్నం ఉడికిందా అని తెలుగులో అడుగుతారు.

నవంబరు చివర నిషేధం ఎత్తేశారు. పైరుకు కావలసిన వేళ దాటిపోయింది. అప్పటికి ప్రపంచ బజారులో ఎరువు ధర చుక్కలనంటింది, కొనడానికి డాలర్లూ లేవు. 2022 వరి దిగుబడి అంతకుముందు ఏడాదికంటే 40 శాతానికి పైగా తగ్గిందని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థలు లెక్కతేల్చాయి. తేయాకు 29.9 కోట్ల కిలోల నుంచి 25.1 కోట్లకు పడింది. బియ్యంలో స్వయంసమృద్ధి సాధించిన దేశం బియ్యం ఓడల కోసం ఎదురుచూసింది. తేయాకు అంటే డాలరు. ఎరువుల మీద డాలర్లు మిగుల్చుకోవాలని చేసిన పని డాలర్లు తెచ్చే పంటనే కోసేసింది.

2019 చివర 760 కోట్ల డాలర్లున్న విదేశీ మారక నిల్వలు 2021 నవంబరు నాటికి 160 కోట్లకు చిక్కిపోయాయి. మనకూ అలాంటి వేళ ఒకటి వచ్చింది. 1991లో భారతదేశం చేతిలో రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లే ఉన్నాయి. వంగర నుంచి వెళ్లిన పీవీ నరసింహారావు జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేశారు. జూలై 1న ఒకసారి, 3న మరోసారి రూపాయి విలువ తగ్గించారు. అదే నెలలో 47 టన్నుల బంగారం విదేశానికి తాకట్టుకు వెళ్లింది. బంగారం తాకట్టంటే మన ఇళ్లలో ఎంత అవమానమో తెలిసిన మనిషే ఆ పని చేయించారు. ఆ తర్వాతి సంస్కరణల మీద నాకు అభ్యంతరాలు చాలా ఉన్నాయి. అయినా గండం ముంచుకొచ్చిందని ఒప్పుకోవడానికి ఆయనకు పట్టిన వ్యవధి రెండు వారాలు కూడా లేదు. కొలంబోకు రెండేళ్లు చాలలేదు.

జనవరి 18 తర్వాత జరిగినదంతా వేగంగా జరిగింది. మార్చి 7న రూపాయిని వదిలేశారు. రెండు వందల రూపాయల డాలరు మే నాటికి 360 దాకా వెళ్లింది. ప్రశ్నపత్రాలు అచ్చువేయడానికి కాగితం లేక పశ్చిమ రాష్ట్రంలో లక్షలాది పిల్లల పరీక్షలు వాయిదా వేశారు. ఉచిత చదువుకు పేరుపడ్డ దేశంలో పరీక్ష రాసుకోవడానికి కాగితం కరువు! మార్చి 20వ తేదీ నాటికి, మండుటెండలో పెట్రోలుకో కిరోసిన్‌కో బారులో నిలబడ్డ డెబ్బై ఏళ్లు దాటిన ఇద్దరు ముసలివాళ్లు వేర్వేరు చోట్ల కుప్పకూలి చనిపోయారు. సింహళంలో ఆ బారును పోలిమ అంటారు. ఆ ఏడాది పుట్టిన పిల్లలు మొదట నేర్చిన మాటల్లో అదొకటై ఉంటుంది. మార్చి చివర క్యాండీ దగ్గరి పేరాదెనియ పెద్దాసుపత్రిలో మందులు లేక, ముందే రోజులిచ్చిన ఆపరేషన్లు ఆపేశారు. డీజిలు లేక కరెంటు రోజుకు 13 గంటలు పోయింది.

చీకట్లో ఉక్కపోతలో కూర్చున్న జనం మార్చి 31 రాత్రి మిరిహానలో అధ్యక్షుడి ఇంటి ముందుకు వచ్చారు. ఏప్రిల్ 9 నుంచి కొలంబో సముద్రపు ఒడ్డున గాల్ ఫేస్ మైదానంలో గుడారాలు లేచాయి. ఆ ఊరికి గోటా గో గమ అని పేరు పెట్టుకున్నారు. గ్రంథాలయం పెట్టారు, వంటశాల పెట్టారు. సింహళ, తమిళ, ముస్లిం పిల్లలు ఒకే కుండలో వండుకుని తిన్నారు. పాతికేళ్లకు పైబడిన యుద్ధం విడదీసిన వాళ్లను ఆకలి ఒకచోట కూర్చోబెట్టింది. ఈ గాథలో నేను తలెత్తుకుని చెప్పగల భాగం ఇదొక్కటే.

కబ్రాల్ దిగిపోయారు. కొత్త గవర్నర్ నందలాల్ వీరసింఘే వచ్చిన వెంటనే వడ్డీరేట్లను 7 శాతం పాయింట్లు పెంచారు. ఏప్రిల్ 12న, ఇక విదేశీ అప్పులు కట్టలేం అని దేశం ప్రకటించింది. మే 9న గాల్ ఫేస్ గుడారాల మీద మహింద అనుచరులు కర్రలతో పడ్డారు. అదే రోజు మహింద రాజీనామా చేశాడు, ఆ రాత్రి దేశమంతా అధికార పక్షం వాళ్ల ఇళ్లు కాలిపోయాయి. కొత్త ప్రధాని రణిల్ విక్రమసింఘే మే 16న దేశంతో మాట్లాడుతూ, ఒక్క రోజుకు సరిపడా పెట్రోలే ఉందని చెప్పారు. అత్యవసర సరుకులు తెచ్చుకోవడానికి ఒకటి రెండు రోజుల్లో 7.5 కోట్ల డాలర్లు వెతకాలన్నారు. అదే వారంలో 7.8 కోట్ల డాలర్ల వడ్డీ కట్టలేక లంక చరిత్రలో మొదటిసారి ఎగవేత జాబితాకెక్కింది. ఏ పేరు కోసమని జనవరిలో 50 కోట్లు ధారపోశారో ఆ పేరు మేలో పోయింది. ఆ 50 కోట్లు ఉండి ఉంటే ఎన్ని ఆసుపత్రులకు ఎన్ని నెలల మందులు వచ్చేవో అని లెక్కవేయడం మొదలుపెడితే రాత్రి నిద్ర పట్టదు.

భారతదేశం ఆ ఏడాది దాదాపు 400 కోట్ల డాలర్ల మేర డీజిలు, బియ్యం, మందులు, అప్పుల వాయిదాల రూపంలో సాయం చేసింది. తమిళనాడు నుంచి బియ్యం ఓడలు వెళ్లాయి. ప్రాణం నిలిపింది అదే. జూన్ చివర మామూలు బండ్లకు పెట్రోలు అమ్మడమే ఆపేశారు. జూలై 9న జనం దొరికిన లారీ, రైలు, సైకిలు ఎక్కి, ఏదీ లేనివాళ్లు నడిచి కొలంబో చేరారు. అధ్యక్ష భవనంలో వాళ్లకు ఒక కోటీ 78 లక్షల రూపాయల నోట్ల కట్టలు దొరికాయి. లెక్కపెట్టి పోలీసులకు అప్పగించారు. నెలల తరబడి గ్యాస్ బండ దొరకని వాళ్లు ఆ పని చేశారు. గొటబాయ జూలై 13న వైమానిక దళ విమానంలో మాల్దీవులకు, అక్కడి నుంచి సింగపూర్‌కు వెళ్లి ఈమెయిలులో రాజీనామా పంపాడు.

ఆ కుటుంబం కూలినందుకు ఏడ్చేవాళ్లు కొద్దిమందే. జనం కూలిన వైనం మాత్రం ఎక్కువమంది చూడలేదు, ఎందుకంటే కెమెరాలు వెళ్లిపోయాక అది జరిగింది. సెప్టెంబరులో ద్రవ్యోల్బణం 69.8 శాతం. ఒక్క తిండి సరుకులే చూస్తే 94.9 శాతం. పదిమందిలో ముగ్గురికి కడుపునిండా తిండి లేదని ప్రపంచ ఆహార కార్యక్రమం చెప్పింది. 2021లో 13 శాతమున్న పేదరికం ఏడాదిలో 25 శాతమైంది. పిల్లలకు పెట్టి తల్లులు పస్తులున్నారు. ఆ ఒక్క ఏడాదే మూడు లక్షల మందికి పైగా పని వెతుక్కుంటూ దేశం వదిలారు. ఉచితంగా చదివించిన దేశాన్ని వదిలి వెళ్లినవాళ్లలో డాక్టర్లున్నారు, వాళ్లను తప్పుపట్టే నోరు నాకు లేదు.

2023 మార్చి 20న ద్రవ్యనిధి 300 కోట్ల డాలర్ల సాయానికి ఒప్పుకుంది, పదిహేడోసారి. కరెంటు చార్జీలు అంతకుముందే 2022 ఆగస్టులో 75 శాతం పెరిగాయి, 2023 ఫిబ్రవరిలో మళ్లీ 66 శాతం. 2019లో 8 శాతానికి దించిన వ్యాట్ 2024 జనవరికి 18 శాతమైంది. కార్లు కొనేవాళ్లకు ఇచ్చిన కానుక సబ్బు కొనేవాళ్ల దగ్గర తిరిగి వసూలైంది. 2023 నవంబరులో సుప్రీంకోర్టు మహింద, గొటబాయ, వాళ్ల తమ్ముడు బాసిల్ రాజపక్సలనూ కబ్రాల్‌నూ మరికొందరు అధికారులనూ ఈ పతనానికి బాధ్యులుగా తేల్చింది. ప్రజల నమ్మకాన్ని వమ్ము చేశారని తీర్పు రాసింది. శిక్ష? పిటిషన్లు వేసినవాళ్లకు కోర్టు ఖర్చుల కింద లక్షా యాభై వేల రూపాయల చొప్పున ఇవ్వమంది.

అప్పుల భారం తగ్గించుకోవాలంటే ఎవరో ఒకరు నష్టం మోయాలి. దేశం లోపలి అప్పులో బ్యాంకుల చేతిలో ఉన్న బాండ్లను ముట్టుకోలేదు. బ్యాంకులు కూలితే మొదటికే మోసమన్నారు, అందులో నిజముంది. ముట్టుకున్నది భవిష్య నిధిని. కటునాయకలో కుట్టుమిషను ముందు కూర్చునే పిల్ల, హట్టన్ తోటలో తేయాకు గిల్లే తల్లి నెలనెలా జీతంలో కోయించుకున్న డబ్బు ఆ ఈపీఎఫ్‌లో ఉంటుంది. ఆ నిధిని నడిపేది కేంద్ర బ్యాంకే, సర్కారుకు అప్పిప్పించిందీ అదే. 2023 జూలై 1న పార్లమెంటు ఒప్పుకున్న పథకం ప్రకారం పాత బాండ్లు ఇచ్చి, 2038 దాకా సాగే కొత్త బాండ్లు తీసుకోవాలి. మొదట 12 శాతం వడ్డీ, తర్వాత 9. ఒప్పుకోని నిధుల ఆదాయం మీద 14 శాతం పన్ను 30 శాతమవుతుందన్నారు. ధరలు రెట్టింపైన దేశంలో ముసలితనానికి దాచుకున్న డబ్బు పెరిగే వేగం తగ్గింది.

విదేశీ బాండుదారులతో మాటలు ఏడాదిన్నర సాగాయి. వాళ్ల తరపున పెద్ద పెద్ద న్యాయవాదులు, సలహాదారులు కూర్చున్నారు. 2024 డిసెంబరులో 1,255 కోట్ల డాలర్ల బాండ్ల మార్పిడి పూర్తయింది. అసలులో 27 శాతం వదులుకోవడానికి ఒప్పుకున్నారు. బదులుగా ఒక షరతు రాయించుకున్నారు: లంక ఆర్థిక వ్యవస్థ అనుకున్నదానికంటే బాగా కోలుకుంటే, వదులుకున్నదానిలో కొంత వాళ్లకు తిరిగి రావాలి. కటునాయక పిల్ల నిధికి ఇచ్చిన బాండ్లలో ఆ షరతు లేదు.